వెంకన్న మంచం దగ్గర ఇద్దరు బోధకులు

ఆగిరిపల్లి

నాన్నగారికి మీ సుగుణ వందనములు. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? తమ్ముడు సరిగా బడికి వెళ్తున్నాడా?

నరసాపురం వదిలొచ్చాక కాలవ నీళ్ళ కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఇక్కడంతా ఎర్రమట్టి, వడగాలి. పప్పులో మామిడికాయ, పులుసులో మామిడికాయ. చేపముక్క కళ్ళజూసి ఎన్నాళ్ళయిందో! కోతలు కదా, పేటంతా తోటల్లోనే. పగలు పలకరించే మనిషి ఉండదు. ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకండి.

మనసే బాగాలేదు. మీ అల్లుడుగారికి ఇక్కడ బోధకుడి పని వచ్చిందని మీరెంత సంబరపడ్డారు! ఇదే పేటలో ఇంకో సంఘం ఉంది. దాని బోధకుడు దావీదుగారు. ఆయన డోలక్ తెస్తే ఈయన కంజీరా తెచ్చారు. ఆయన ఏ వీధిలో ప్రార్థన పెడితే మర్నాడు ఈయనా అక్కడే. నేనేమన్నా అంటే, "సువార్త పని నీకేం తెలుసు?" అంటారు.

మా పక్కింటి వెంకన్న రసాల చెట్టెక్కి కాయ కోస్తూ కింద పడ్డాడు. నడుం విరిగింది. కట్టు కట్టి, కదలొద్దన్నారు. భార్య రత్తమ్మ కూలికి పోతే గంజి నేనే ఇస్తున్నాను. "ఒక్కసారి వెళ్ళి పలకరించండి" అని ఈయనకి రోజూ చెప్పాను. "వెళ్తాలే" అనేవారు. దావీదుగారు వెళ్ళి ప్రార్థన చేస్తున్నారని తెలిసిందో లేదో, అన్నం ముందునుంచి లేచి పరుగెత్తారు!

వెనకే నేనూ వెళ్ళాను. మంచానికి అటొకరు, ఇటొకరు. ఒకరిని మించి ఒకరు గొంతెత్తి ప్రార్థన. మధ్యలో వెంకన్న మంచినీళ్ళడుగుతుంటే ఇద్దరికీ వినపడలేదు. నేనే తాగించాను.

వాళ్ళు వెళ్ళాక వెంకన్న నన్నడిగాడు: "అమ్మగారూ, అలిసిపోయినోళ్ళని యేసుప్రభువు దగ్గరికి పిలుస్తాడంట. నిజమేనాండీ?"

"నిజమే."

"అయితే నేను ఆయన మనిషినేనండీ. లేచి నడిస్తే బాప్తిస్మం తీసుకుంటాను."

"ఈ మాట నీకు చెప్పిందెవరు?"

"ఇద్దరూ అదే చెప్పారు కదండీ!"

నాకు సంతోషం రావాలి. ఒళ్ళు మండింది నాన్నగారూ. అంత మంచి మాట ఆ పోటీ నోళ్ళలోంచి ఎలా వచ్చింది? ఇంటికొచ్చి చెప్తే ఈయన మొదట అడిగిందేంటో తెలుసా? "ఎవరి చేత తీసుకుంటానన్నాడు?"

"అతను దాహమని అడిగితే వినపడలేదు గానీ, ఇది మాత్రం కావాలా మీకు?" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

మర్నాడు ఈయన కంజీరా లేకుండా, బైబిలైనా లేకుండా వెళ్ళారు. వెంకన్న పక్కన కూర్చుని ఎండ తగ్గేదాకా విసనకర్రతో విసిరారు. ఒక్క మాట బోధించలేదు. గుమ్మంలోంచి చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఏమన్నారో వినండి: "దావీదైతే ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోగలడంటావా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ సంగతులు నేను రాసినట్టు ఆయనకి తెలియనివ్వకండి. వచ్చేవాళ్ళుంటే కాస్త ఎండుచేపలు పంపించమనండి అమ్మని. నానమ్మకి, పెద్దమ్మకి నా వందనాలు. మా కోసం ప్రార్థన చేయండి, ఆయన కోసం ఇంకాస్త ఎక్కువ. వెంకన్న బాప్తిస్మం తీసుకుంటానన్నాడని మీ అల్లుడుగారు గొప్పగా రాస్తారు. చదివి సంతోషించండి. నేనూ సంతోషిస్తున్నాను, కోపంతోనే.

మీ ఆశీర్వాదం కోరే కూతురు,
సుగుణ