నీ కొండకి మంగ వెళ్ళింది

బనియాస్, జూలై 2006

సెల్వీ,

నీకు తెలుగు చదవడం రాదు. ఇప్పుడు వచ్చినా లాభం లేదు. అయినా ఈ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మేడమ్ వాళ్ళు సెలవులకు శ్రీలంక వెళ్ళారు, నువ్వు పుట్టిన కొండ ఊరు నువారా ఎలియాకే. పిల్లల్ని చూసుకోవడానికి నీ స్థానంలో పనికి వచ్చిన మంగను తీసుకెళ్ళారు. "నీకు మోకాళ్ళ నొప్పి. నువ్వు ఇల్లు చూసుకో, ఖలాస్, అంతే" అంది మేడమ్ నాతో.

పెట్టెలు సర్దింది మాత్రం నేనే. బయట ఈ ఎడారిలో నిప్పులు చెరిగే ఎండ, నా ఒళ్ళో స్వెట్టర్లు, గొడుగులు. మడత పెడుతున్నంతసేపూ కడుపు మండిపోయింది. ఆరేళ్ళు నీ పక్కన పడుకుని ఆ తేయాకు తోటల కబుర్లు విన్నది నేను. చూసేది ఆ మంగా?

మంగ మంచి పిల్లే. "అక్కా, సెల్వక్కోళ్ళ ఊరు అదేనంట గదా? అడ్రసిత్తే ఆళ్ళమ్మని చూసొత్తాను" అంది.

తెలీదన్నాను. అబద్ధమే. నిరుడు నువ్వు చనిపోయాక, మీ ఇంటికి పంపిన నీ బట్టల పెట్టె మీద ఆ అడ్రసు రాసింది నేనే. మీ అమ్మ మంగను పట్టుకుని ఏడుస్తుందన్న ఊహ నాకు సహించలేదు.

ఈ పొద్దున కారు గేటు దాటబోతుంటే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మంగ అద్దం దించింది. అడ్రసు కాగితం దాని చేతిలో పెట్టాను.

"ఆవిడకేం చెప్పమంటావక్కా?"

"ముందు నా పేరు చెప్పు. తర్వాతే నీది."

సత్యవతి