చిక్కుడు పాదు కింద అన్నం ముద్దలు

తార్నాక, హైదరాబాదు.
కార్తీక మాసం, బుధవారం.

అక్కయ్య పాదాలకు చెల్లెలు రాజ్యం నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం.

నువ్వు, బావ, మీ అత్తగారు, పిల్లలు అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. చూశావా, బాగున్నాం అని చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టెయ్యను, ఉండనీ. కానీ ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి, కూర్చుని చదువు.

ఇక్కడ చలి మొదలైంది. తెల్లవారి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మీ మరిదికి యూనివర్సిటీ లైబ్రరీలో పని కుదురుకుంది. పుస్తకాల పేర్లు అట్టకార్డుల మీద రాసి సొరుగుల్లో వరసగా పెట్టాలి. బండరాళ్ల మధ్య, సీతాఫలం పొదల పక్కన నడిచి వెళతారు. ఆయన వెళ్లాక సాయంత్రం దాకా నేనొక్కదాన్నే. సంగటి తిని నెలలైంది. అటునుంచి ఎవరైనా వస్తే రెండు సేర్ల రాగిపిండి పంపించు.

మా ఇంటావిడ పేరు ఎస్తేరమ్మ. మెదకు వైపు పల్లె ఆమెది. భర్త రైల్వేలో చేసేవాడట, మెట్టుగూడ క్వార్టర్సులో ఉండేవాళ్లు. ఆయన పోయాక ఇక్కడి సొంత ఇంటికి వచ్చింది. ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. ముందు రెండు గదులు మావి, వెనక గది ఆమెది. పెరడు ఇద్దరిదీ. పెరడంటే ఆమెకు ప్రాణం.

వచ్చిన కొత్తలో కూరగాయల తొక్కలు ఎక్కడ వెయ్యాలో నాకు తెలిసేది కాదు. మన ఇంట్లో అయితే అన్నీ గేదె కుడితి తొట్టిలోకే కదా. ఇక్కడ గేదె ఏది? చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడితే ఎస్తేరమ్మ నవ్వింది.

"గీడ మా చెట్లే బర్రెలు బిడ్డా. ఇటియ్యి" అంది.

ఆమె చెప్పినట్టే చేస్తున్నాను. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొదట్లో పోస్తాను. తొక్కలు, కాఫీపొడి పిప్పి, ఆమె వాడిన కోడిగుడ్ల పెంకులు నలిపి, అన్నీ ఒక బకెట్టులో వేస్తాం. పాదులకు కాస్త ఎడంగా మూరెడు లోతు గుంత తీసి అందులో పోసి, పైన కుంపటి బూడిద చల్లి మట్టి కప్పెయ్యాలి. రేపు ఇంకోచోట. ఒక్కటే గట్టిగా చెప్పింది. "వండినదేదీ గుంతల ఎయ్యకు. అన్నం పడ్డదంటే పందికొక్కులు మోపైతయి."

ఆ ఒక్కటే నేను వినలేదు అక్కా.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. జ్యేష్ఠంలో మేం వచ్చినప్పుడు కాచిగూడ సత్రంలో దిగాం. ఇల్లు దొరికేదాకా మూడేళ్ల పిల్లను సత్రాల వెంట తిప్పడమెందుకని కమలను నీ దగ్గర వదిలాం. ఇల్లు దొరికింది. సున్నం వేయించాం. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతామని ఉత్తరం కూడా రాశాం. అంతలో తంతి వచ్చింది. రైలెక్కి, బస్సెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్ల ముఖం కూడా చూడలేదు. ఉన్న నాలుగు రోజులూ నువ్వు వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను లోపలికి రాలేదు.

తిరిగి వచ్చిన వారానికి అనుకుంటాను, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వీధి సద్దుమణిగింది. నేను బియ్యంలో రాళ్లేరుతున్నాను. కుచ్చిళ్లు ఎవరో పట్టుకు లాగినట్టయింది. "అమ్మా, బువ్వ" అని వినబడింది. భ్రమ అనుకోలేదు. లేచి వెళ్లి గిన్నెలో అన్నం వేసి, పప్పు, నెయ్యి వేసి మెత్తగా పిసికి ముద్ద చేశాను. అప్పుడు చూసుకున్నాను, ఎవరూ లేరు. కలిపినదాన్ని పారేయడానికి చేతులు రాలేదు. నేను తినడానికీ నోరు రాలేదు. ఆకులో చుట్టి చిక్కుడు పాదు దగ్గర పూడ్చిపెట్టాను.

మర్నాడూ పిలిచింది. ఆ మర్నాడూ పిలిచింది. నా కంచంలో అన్నమే తీసి కలిపేదాన్ని. నేను మజ్జిగ తాగి పడుకునేదాన్ని. ఆయన సాయంత్రం వచ్చి "తిన్నావా?" అంటే తిన్నానని చెప్పేదాన్ని. మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక్కోసారి పిలుపు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి ఎదురుచూసేదాన్ని అక్కా. నీకు భయం వేస్తోందా? నాకు పిలవని రోజున భయం వేసేది.

మొన్న ఆదివారం పొద్దున ఎస్తేరమ్మ కేక విని బయటికి పరిగెత్తాను. నిండుగా పూతకొచ్చిన చిక్కుడు పాదు వాలిపోయి ఉంది. కింద ఇంతింత బొరియలు. వేళ్లన్నీ పందికొక్కులు కొరికేశాయి. ఆమె గడ్డపారతో బొరియ వెంట తవ్వుకుంటూ పోయింది. ఒక ఆకు పొట్లం బయటపడింది. ఇంకోటి. ఇంకా లోపల ఎండిన ఆకులు కుప్పగా ఉన్నాయి. తాజా పొట్లం విప్పి వాసన చూసింది.

"నెయ్యి ఏసి కలిపినవ్. గింత మెత్తగ పిసికినవ్. ఎవరికమ్మా ఇది?"

"మా పాపకు."

"పాప ఉన్నదా నీకు? ఏడున్నది?"

మేం ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఉన్నదనాలో లేదనాలో తెలియలేదు. ఆయన గుమ్మంలో పేపరు పట్టుకుని వింటున్నారు. ఆయనే చెప్పారు. "శ్రావణంలో పోయిందమ్మా." ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

ఆయన వచ్చి ఆ తవ్విన మట్టి దగ్గరే కూలబడ్డారు. "నాకొక మాట చెప్పింటే కాదా, రాజ్యం?" అన్నారు. మళ్లీ తనే, "నేను మాత్రం చెప్పినానా? లైబ్రరీలో కార్డు మీద పుస్తకం పేరు రాయబోయి పాప పేరు రాసినా. రెండు మాట్లు అట్లే అయింది. చింపి జోబీలో వేసుకోనొచ్చినా" అన్నారు.

ఎస్తేరమ్మ ఏడవలేదు, ఓదార్చలేదు. చేతులు కడుక్కుని వచ్చింది. "దవాఖానల మస్తుమందిని చూసిన. పిల్ల అంగీలు దిండు కింద పెట్టుకున్నోళ్లను చూసిన. నువ్వు బువ్వ కలుపుతున్నవ్. కలుపు బిడ్డా, నేనొద్దన. కానీ మట్టిల పెట్టకు. కలిపింది నువ్వే తిను. మా ఇంట్ల అన్నం తింటవా?" అంది.

తిన్నాను అక్కా. ఆమె కలిపి పెడితే, పెరట్లోనే కూర్చుని తిన్నాను. మా అత్తగారితో మాత్రం అనకు. నాలుగో ముద్దకు పొలమారింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నీళ్లిచ్చింది, మళ్లీ పెట్టింది.

పాదు బతకలేదు. పీకి ముక్కలు చేసి, దాన్ని కూడా గుంతలోనే వేశాం. ఎస్తేరమ్మ ఆ చోట మెంతులు చల్లింది.

పాప ఇప్పటికీ పిలుస్తోంది. నిన్నా పిలిచింది. ముద్ద కలిపి, కాసేపు చేతిలో పట్టుకుని, నేనే తిన్నాను.

అక్కా, నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. కానీ అది అబద్ధమవుతుంది. జ్వరం వచ్చిన మొదటి రోజే టౌను ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదు అని ఎన్నోసార్లు అనుకున్నాను. నేనెందుకు వదిలి వచ్చాను అని అంతకంటే ఎక్కువసార్లు అనుకున్నాను. నువ్వు కూడా ఇవే అనుకుంటూ ఉంటావు. మనిద్దరం ఒకే పిల్లకు అన్నం పెట్టినవాళ్లం, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా విడిపోయాం.

నాకొక ఉపకారం చెయ్యి. ఆ మూడు రోజుల జ్వరం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు రాయి. ఏ పూట ఏం తాగింది, ఎవరి ఒళ్లో పడుకుంది, నన్ను అడిగిందా, అడిగితే నువ్వేం చెప్పావు, అన్నీ రాయి. నా మనసు కోసమని ఏదీ తగ్గించకు. నేను చదవగలను. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే విప్పి చదువుతాను.

బావకు, మీ అత్తగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ముగిస్తున్నాను.

నీ చెల్లెలు,
రాజ్యం