ఇస్త్రీ చేసిన జెండా

ఆగస్టు 2016, బుధవారం రాత్రి, కువైట్‌లోని జహ్రా.

తుపాకీ షూటింగ్ పోటీలో ఒక కువైట్ అతనికి ఒలింపిక్స్ బంగారు పతకం వచ్చింది. ఇన్నేళ్ళలో వీళ్ళకి కంచుకు మించి రాలేదట. నేను పనిచేసే ఇంటావిడని మామా అంటాను. ఆమె సోఫాలోంచి లేచి, ఇక్కడి పెళ్ళిళ్ళలో చేసినట్టు నాలుక ఆడిస్తూ కూత మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. టీవీలో పైకి వెళ్తున్నది ఒలింపిక్స్ వాళ్ళ జెండా, మోగుతున్నది వాళ్ళ పాట. కువైట్ మీద ఒలింపిక్స్ వాళ్ళ నిషేధం ఉందని, తమవాళ్ళు ఆడి గెలిచినా తమ జెండా ఎగరదని ఆమెకు ముందే తెలుసు. అయినా పొద్దున్న ఇంట్లో జెండాను నాచేత ఇస్త్రీ చేయించింది.

"గెలిచింది మనవాడే కదా మామా?" అన్నాను.

"మనవాడే. ఆ పాట మాత్రం మనది కాదు," అంది. టీవీ ఆపేసి, "ఖలాస్, జెండా లోపల పెట్టెయ్" అని గదిలోకి వెళ్ళిపోయింది.

బీరువాలో పెడుతుంటే అక్క ఫోన్ గుర్తొచ్చింది. ఊళ్ళో నా కూతుర్ని పెంచేది అక్కే. పోయిన నెల చేసి, "పాపకి పరుగు పందెంలో ఫస్టొచ్చిందే. మైకులో తల్లి అని నా పేరు చదివేసేరు. అంతమందిలో ఏం చెప్తాను, స్టేజీ ఎక్కేసేను," అంది.

మంచి పనే చేశావన్నాను. కప్పు అందుకుని పాప ఎవరివైపు చూసి నవ్విందో అడగలేదు. ఇప్పుడు కూడా అడగను.