సామియా అడిగిన హాస్టల్

మార్చి 7, శనివారం

లాండ్రీ రెండు లోడ్లు. ఫ్రిజ్ కడిగాను. ఇడ్లీ పిండి రుబ్బాను. మంచు కరగాలని డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లాను. మీటింగ్‌కి టీ మూడుసార్లు.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. తెరమీద కైరో నుంచి ఒకరు, లండన్ నుంచి ఇద్దరు. ఇవతల మా ఆయన, పక్కింటి సామియా. యుద్ధంలో మూతబడ్డ సూడాన్ యూనివర్సిటీని మళ్ళీ ఎలా తెరవాలన్నది చర్చ. పెళ్ళికి ముందు ఆయన నాలుగేళ్ళు ఫిజిక్స్ చెప్పిన చోటు. సామియాకైతే చదువూ ఉద్యోగమూ అన్నీ అక్కడే.

ఎవరు ఏది కావాలంటే ఆ పని వాళ్ళకే అప్పజెప్పడం వీళ్ళ పద్ధతి. ఆయన టైమ్ టేబుల్ మాట ఎత్తారు, ఆయనకే అంటగట్టారు.

మార్చి 14

టైమ్ టేబుల్ తయారు — శుక్రవారం నాలుగు క్లాసులు, ఆదివారం సెలవు. అక్కడ సెలవు శుక్రవారం! సామియా టీ ఒలకబోసుకుని నవ్వింది. నాలుగేళ్ళు పాఠాలు చెప్పారా, పిక్నిక్‌కి వచ్చి వెళ్ళారా అని. పాపం, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువే వేశాను.

మార్చి 17

సామియా ఒక్కతే వచ్చింది. వంకాయలు తరిగి పెట్టింది. మొదటి ఏడాది ఆన్‌లైన్ చాలు, హాస్టల్ తరవాత చూద్దాం అంటున్నారట మీటింగ్‌లో. కరెంటే లేని ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఆన్‌లైన్ ఏమిటి... హాస్టల్ లేకపోతే ఏ తల్లీ పంపదు.

ఆ యూనివర్సిటీ మొదట్లో బ్రిటిష్‌వాళ్ళు తమకు గుమాస్తాలు కావాలని కట్టుకున్న కాలేజీ, అంది.

"ఈసారి ఎవరికోసమో మనమే చెప్పాలి, సుజాతా."

అడుగు, పట్టు వదలకు అన్నాను. రెండుసార్లు.

మార్చి 21

అడిగింది. చాలాసేపు వాదన. వంటింట్లోంచి వింటూ పోపు మాడ్చాను. చివరికి లండన్ పెద్దాయన ఉస్మాన్ గారు ఒప్పుకున్నారు — మొదటిరోజే ఆడపిల్లల హాస్టల్. గరిటెతోనే బయటికి వచ్చేశాను.

"మరి వార్డెన్?" అన్నారు ఉస్మాన్ గారు.

"నేనే," అంది సామియా.

అమెరికా దాటితే మళ్ళీ రానివ్వడం అనుమానమే అని తన లాయర్ ఎప్పుడో చెప్పాడు. అడిగినవాళ్ళకే పని అంటగట్టే ఈ మీటింగ్ పద్ధతి నాకు తెలుసు. పట్టు వదలకు అన్నదీ నేనే.

మార్చి 22

వంట లేదు. ఆయనే పెరుగన్నం కలిపి పెట్టారు. ఆవిడ ‘నేనే’ అనకపోతే ఆ మాట నేను అందును అన్నారు. ఆడపిల్లల హాస్టల్‌కి మీరా అన్నాను. ఇద్దరం నవ్వాం. తరవాత నా అన్నం మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను.

మే 30, శనివారం

ఇల్లు తుడవలేదు. సామియా పెట్టెలు నా కార్‌లోనే ఎక్కించాం.

ఇరవై ఏళ్ళుగా ఫ్రీవే ఎక్కని నాకు ఈమధ్యే డ్రైవింగ్ భయం పోగొట్టింది తను. తను పక్కింటికి వచ్చిన ఈ మూడేళ్ళలో నేను డాక్టర్‌కీ, కూరగాయలకీ, ఎక్కడికైనా వెళ్ళింది తన కార్‌లోనే. ఇవాళ ఎయిర్‌పోర్ట్‌కి నేను నడిపాను. ఫ్రీవే మీదికి ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకుంది, దొంగ.

తిరుగు టికెట్ ఉందా అని అడగాలనుకున్నాను... లోపలికి వెళ్ళిపోయింది.

కార్‌లో తిప్పిన బాకీ — చెల్లు.