ఎలుక కాలేయంలో వెలుగు

గుంటూరు,
14 మార్చి 2008.

సిద్దికాకు, బిందుమాధవి రాస్తున్నది.

నేను బాగున్నాను. నువ్వు బాగాలేవని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ మాట అడగను.

నిన్ను మళ్లీ మన ల్యాబుకు పంపాలా, వినుకొండలోనే బడిలో టీచరుగా చేర్చాలా అని మీ నాన్నగారు తేల్చుకోలేకపోతున్నారట. నీ పరిశోధన పనికొస్తుందో లేదో నేను రాస్తే అదే ఆఖరి మాట అన్నారట. అలీ సాహెబ్ గారు మిరపకాయ చూసి రకం చెప్పగలరు. కూతురి సంగతి చెప్పడానికి మాత్రం నేను కావలసి వచ్చాను.

ఆయనకు చదివి వినిపిస్తావు కనుక తేలిగ్గా రాస్తాను. అయ్యా, ఎంఆర్ఎన్ఏ అంటే ఫలానా ప్రొటీన్ తయారుచెయ్యమని ఒంట్లోని కణానికి చెప్పే చీటీ లాంటిది. ఉత్తినే ఎక్కిస్తే రక్తంలోనే ముక్కలైపోతుంది. అందుకని సన్నటి కొవ్వు బొట్టులో చుట్టి ఎలుక తోకలోకి ఎక్కిస్తాం. ఎక్కడికి చేరిందో తెలియాలిగా, అందుకే ఆ చీటీలో మిణుగురు పురుగు ప్రొటీన్ రాస్తాం. అది చేరిన చోట ఎలుక లోపల వెలుగుతుంది, చీకటి పెట్టెలోని కెమెరాకు కనబడుతుంది. నా ఎలుకలకు కాలేయం దగ్గర వెలిగింది. మీ అమ్మాయి ఎలుకల్లో పది నెలలూ ఏమీ వెలగలేదు. ఆమె మందు ఎక్కడికీ చేరలేదు, ఇక చేరదు కూడా.

మన గైడు సుబ్బరావమ్మ మేడమ్ నిన్ను తిట్టలేదులే. "కష్టపడుద్ది గానీ ఆ పిల్లకి చెయ్యి కుదరదమ్మా" అన్నారు. నువ్వెళ్లిన రోజే నీ బల్ల నాకిచ్చారు. కిటికీ పక్కది కదా, గాలి బాగా వస్తోంది.

వచ్చే నెల నాకు డాక్టరేటు. నువ్వు రావద్దు, చూడలేవు. బడిలో చేరు. చిన్నపిల్లలకు నువ్వంటే ఇష్టం, వాళ్ల దగ్గర తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు.

ఒకప్పటి నీ పక్కబల్ల,
బిందుమాధవి

తా.క. ఈ చిన్న కాగితం విడిగా కంప్యూటర్లో కొట్టాను, సంతకం లేదు. ఎవరికి చూపించినా నువ్వే కొట్టుకున్నావంటారు. మందు ఎక్కించే ముందు ఐసులో ఉన్న గొట్టాల మీద పేర్లు మార్చింది నేనే, ప్రతిసారీ. నీ ఎలుకలకు ఎక్కింది నా మందు. నా ఎలుకల్లో వెలిగింది నీది. ఏ కొవ్వు ఎంత కలపాలో నీ రికార్డు పుస్తకాల్లోంచి ఎప్పుడో ఎత్తి రాసుకున్నాను. ఆ పుస్తకాలు వేణ్ణీళ్ల పొయ్యిలో పెట్టేశానని నువ్వు రాశాకే నాకు భయం పోయింది. ఎంత బాగా వెలిగిందో తెలుసా సిద్దికా? నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను.