చెవి వెనక ఎముకతో కొన్న వ్యాను

వరంగల్,
బుధవారం పొద్దున.

చిరంజీవి తమ్ముడు వీరస్వామికి అన్న రామచంద్రం దీవెనలు. నువ్వు, మరదలు, పిల్లలు, గొడ్డూగోదా అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. చిన్నమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ నేను, రాజమణి, అల్లుడు మొగిలి బాగున్నాం. నిజంగానే బాగున్నాం. రెండుసార్లు ఎందుకు రాస్తున్నానంటే, నేను ఊరు విడిచిన రోజు బస్సు దగ్గర "కూతురింట్ల ఎన్నొద్దులు కూసోని తింటడో సూద్దాం" అని నువ్వు నలుగురిలో అన్నావట. నాకు వినబడలేదనుకున్నావు. వినబడని మాట నిజమే. కానీ విన్నవాళ్లు బస్సు ఎక్కి మరీ నా చెవిలో అరిచి చెప్పారు. మన ఊళ్లో అలాంటి పుణ్యాత్ములకు కొదవ లేదు కదా.

నాలుగు నెలలయింది. మాది రేకుల ఇల్లు. పది గంటలు దాటితే లోపల కూర్చోలేను. తువ్వాల నెత్తిన వేసుకుని గ్రంథాలయానికి పోతాను. అక్కడ ఫ్యానుంది, నేను చదవని పుస్తకాలున్నాయి. మన ఊరి గ్రంథాలయంలో ఇరవయ్యేళ్లు పుస్తకాలకు కాపలా కాసిన నన్ను, ఒక రిజిస్టరు కనబడలేదని సాగనంపిన పెద్దమనిషికి చెప్పు, ఇక్కడ నన్ను ఎవరూ రిజిస్టరు అడగలేదని. పొద్దున్నే నల్లా వస్తుంది, బిందెలు పెట్టే పని నాది. రాజమణి రోజూ జొన్నరొట్టె చేస్తుంది. పిండి మాత్రం మన చేను పిండి కాదు. తొర్రూరు నుంచి ఎవరైనా వస్తుంటే రెండు కుంచాల పచ్చజొన్నలు, చిన్నమ్మ చేసిన మామిడికాయ తొక్కు పంపించు. అటక మీద నా పుస్తకాల పెట్టె ఉంది. చెద పట్టకుండా ఒకసారి ఎండలో పెట్టించు. వాటిని చదవమని నిన్ను అడగను.

ఒంటరితనం ఉంది. మన ఊళ్లో నాతో మాట్లాడాలంటే అరవాలని కుక్కలకు కూడా తెలుసు. ఇక్కడ ఎవరికీ తెలియదు. రెండుసార్లు అడుగుతారు, మూడోసారి పిచ్చివాడనుకుని వెళ్లిపోతారు. చిన్నప్పుడు చెవులు కారి, నీళ్లు పోసి, పసర్లు పోసి మనవాళ్లు చేసిన వైద్యానికి వినికిడి ఏటేటా తగ్గుతూ వచ్చి, ముప్ఫై ఏళ్లుగా ఇలా చెవిటివాడిగా ఉన్నాను. దాన్ని గురించి ఇప్పుడు ఎవరితోనూ తగువు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొగిలి పని నీకు తెలుసు. బావుల మీది కరెంటు మోటార్లు కాలిపోతే, లోపలి పాత రాగితీగ కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ అదే లెక్కకు చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాడు. తీగ ఇనుముకు తగలకుండా మధ్యలో పెట్టే కాగితాలు రాజమణి కత్తిరిస్తుంది. ఏడో తరగతి తప్పినవాడికి పిల్లనిచ్చావని నువ్వు పెళ్లిలోనే అన్నావు. నేను బయటికి అనలేదు, లోపల అదే అనుకున్నాను. ఇప్పుడు అతని దుకాణం ఉన్న వరస మొత్తం రోడ్డు వెడల్పు కోసం కూలగొడుతున్నారు. వానలు పడేలోగా ఖాళీ చెయ్యాలి. ఇంకో దుకాణం చూద్దామని రాజమణి అంటే మొగిలి ఒప్పుకోలేదు.

"రైతు కాలిన మోటర్ను ఎడ్లబండి మీదేసుకోని ఈడికొచ్చి, మూడు దినాలు ఈ అరుగు మీదనే పండుకుంటాండు మామా. ఆడ పొలం ఎండిపోతాంది. దుకానమే బాయి కాడికి పోతే?" అని నా చెవిలో అరిచాడు.

ఒక పాత వ్యాను కొని, సామానంతా అందులో పెట్టుకుని, నర్సంపేట ఒకరోజు, కేసముద్రం ఒకరోజు, తొర్రూరు ఒకరోజు, ఇలా వారపు అంగళ్ల వెంట తిరగాలని అతని ఆలోచన. మంచి ఆలోచనే. అలాగని నేను అతనితో అనలేదు, "ఊఁ" అన్నాను. రాజమణి కడియాలు, మెడలో గుండ్ల పేరు ఆ వ్యాను కోసమే తీసి ఇచ్చింది. ఇక పుస్తెలు తప్ప ఆమె ఒంటి మీద ఏమీ లేదు. బండి చెడ్డదయితే బాగు చేయించుకునే దారి కూడా ఉండదు. మొగిలి ఎవరి దుకాణంలోనో కూలికి తీగ చుట్టాలి. నేను మళ్లీ నీ గుమ్మం తొక్కాలి. ఆ రెండోది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ములుగు రోడ్డు మీద పాత బండ్లు అమ్మే చోటుంది. సాంబయ్య అనే దళారి చూపిస్తాడు. వారం తిరిగాక రెండు మిగిలాయి. ఒకటి ఆకుపచ్చది, బిస్కెట్లు మోసిన బండి. కొత్త రంగు, మంచి టైర్లు, లోపల విశాలం. మొగిలి దాంట్లోకి ఎక్కి, నేల మీద కూర్చుని, మోటారును పాదాల మధ్య పట్టుకున్నట్టు కాళ్లు చాపి, రెండు చేతులూ తిప్పి చూశాడు. అతని ముఖం చూస్తే బేరం అయిపోయినట్టే ఉంది. రెండోది నీలం బండి, పెళ్లిళ్లకు టెంట్లు, గంగాళాలు మోసింది. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. లోపల ఎన్ని పెళ్లిళ్ల పప్పు ఒలికిందో, ఆ వాసన ఇంకా పోలేదు.

మొగిలి తనకు దోస్తు అయిన యాకూబ్ భాయిని తీసుకొచ్చాడు, లారీల మెకానిక్. రాజమణి కూడా వచ్చింది. అక్కడ జరిగిన మాటలన్నీ ఆమె ఎప్పటికప్పుడు నా చెవిలో వేసింది. చుట్టూ రేకులు సాగగొట్టేవాళ్లు సమ్మెటలతో బాదుతున్నారు. అందరూ ముఖాలు చిట్లించుకుంటున్నారు, నేను తప్ప. నాకు ఎక్కడో దూరంగా వడ్లు దంచినట్టుంది, అంతే.

ఆకుపచ్చ బండి ఇంజను నడుస్తుంటే మొగిలి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకున్నాడు. మోటార్ల బేరింగులు అలాగే చూస్తాడట. యాకూబ్ భాయి కూడా పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. "గీ సమ్మెట్ల లొల్లికి ఏం ఇనొస్తది భాయ్!" అన్నాడు. డాక్టరులాగా ఇదేమిటని నేను మొగిలిని అడిగాను. అతను నవ్వి స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. చెవిటి మామను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. నా మనసు అలాంటిదే, నీకు తెలుసు.

చెవిలో పెట్టుకున్నాను. ఏమీ లేదు. తిరిగి ఇచ్చేద్దామనుకుంటుండగా చెమటకు పిడి జారి, చెవి వెనక ఎముకకు గట్టిగా తగిలింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను తమ్ముడూ. ఎవరో నా తలలోకి వచ్చి మాట్లాడారనుకున్నాను. వెనక ఎవరూ లేరు. మళ్లీ ఆనించాను.

ఎలా చెప్పను? పైన పేలాలు వేగుతున్నట్టు చిటపటలు. దాని కింద ఆగకుండా తిరిగే హోరు, ఊరంతా ఒకేసారి విసుర్రాళ్లు తిప్పినట్టు. ఇంకా కింద ఏదో బరువైనది లేచి పడుతోంది, లేచి పడుతోంది. గాలి పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అని ఇంజను సంగతి నేను చదివాను. గ్రంథాలయంలో పిల్లలకు బొమ్మ గీసి చెప్పాను. చెప్పినప్పుడు అది నాకూ బొమ్మే. ఆ బొమ్మ ఇప్పుడు నా పుర్రెలో ఊపిరి తీస్తోంది. ముప్ఫై ఏళ్లుగా నాకు చప్పుడంటే గోడ అవతలి సంగతి. ఆ గోడ లేదు. నూనె పారడం విన్నాను. ఇనుము ఇనుమును తోమడం విన్నాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రాజమణి వచ్చి చెయ్యి పట్టుకుంటే అప్పుడు నా కళ్లు తడిగా ఉన్నాయని తెలిసింది. పొగ అన్నాను.

నీలం బండి దగ్గరికి పోయి అక్కడా ఆనించాను. మళ్లీ ఆకుపచ్చ దాని దగ్గరికి. మళ్లీ నీలం. ఆశ కొద్దీ తిరిగాను, పరీక్ష కోసం కాదు. కానీ నాలుగోసారికి ఒకటి తెలిసింది. మొగిలి ఎక్స్‌లేటర్ నొక్కి వదిలినప్పుడు, ఆకుపచ్చ దాంట్లో అడుగున ఎవరో లోపలి నుంచి తలుపు తట్టినట్టు చప్పుడు వస్తోంది. నీలం దాంట్లో ఆ తట్టుడు లేదు. అదేమిటో నాకు తెలియదు. మొగిలి అరచెయ్యి పట్టుకుని, వినబడినట్టే నా వేలితో కొట్టి చూపించాను. టక్, టక్, టక్. అతని ముఖం మారింది.

సాంబయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏందే మొగిలీ, కండ్లున్నోళ్లు మెచ్చిన బండిని చెవిటోనికి ఇనిపిస్తానవ్? రేపు గుడ్డోన్ని దెచ్చి రంగు జూపిస్తవా?"

"జర ఆగు సాంబన్నా. మా మామ ఊకెనే ఏలు లేపడు," అన్నాడు మొగిలి.

యాకూబ్ భాయి ఇంజను ఆపించి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. తీగలా సాగింది. "గిది ఆయిలా, బెల్లం పాకమా సాంబన్నా? గింత గట్టిది పోసి చప్పుడు దాసినవ్. కాజీపేట దాటకముందే లోపలి బేరింగ్ చేతిలకొస్తది."

"నేనేం పొయ్యలే భాయ్, పాత ఓనర్ పోసిండు!"

"ఎవలు పోసినా ఈ ముసలాయన పట్టిండు గదా. గా సమ్మెట్ల నడుమ నాకే ఇనరాలే. ఈయనకు సమ్మెట్లే లెవ్వు!"

మొగిలి ఆకుపచ్చ బండి వైపు ఒకసారి చూశాడు. అంత విశాలమైన నేల వదులుకోవడం అతనికి కష్టమే. తర్వాత నా వైపు తిరిగి, చెవిలో అరిచాడు. "మామా, నువ్వు జెప్పు. ఏది తీసుకుందాం?"

వీరస్వామీ, నన్ను ఒక మాట అడిగి, చెప్పేదాకా నిలబడి ఎదురుచూసినవాడిని నేను ఎన్నాళ్లకు చూశానో లెక్క లేదు. నీలం బండి చూపించాను. చూపించేముందు రెండు బండ్లనూ ఇంకోసారి చూశాను. రాజమణి మెడ బోసిగా కనబడుతోంది మరి. ఆకుపచ్చ బండిని తర్వాత ఎవరో కొన్నారట. వాళ్ల గతి ఏమయిందో నాకు తెలియదు.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే రాజమణి ఒక పని చేసింది. స్క్రూడ్రైవర్ కడిగి తెచ్చి, కొస తన దవడ ఎముకకు అడ్డంగా ఆనించుకుని, పిడి నా చెవి వెనక పెట్టి, అరవకుండా మామూలుగా మాట్లాడింది. "నాయినా, ఇనబడ్తాందా? ఇంకో రొట్టె ఎయ్యనా?"

ఇన్నేళ్లూ నేను విన్నది ఆమె అరుపు. అరిస్తే ఎవరి గొంతయినా ఒకటే. నా కూతురు మెల్లగా మాట్లాడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. తమ్ముడూ, అది మన అమ్మ గొంతు. మాట చివర కాస్త సాగదీసి వదలడం కూడా అదే. రొట్టె వెయ్యమన్నాను. కడుపు నిండే ఉంది, అయినా ఇంకొకటీ వెయ్యమన్నాను, ఆమె మళ్లీ అడుగుతుందని.

మూడు వారాలుగా బండి నడుస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు కొంచెం రొప్పుతుంది. బ్రేకులు బాగు చేయించాం, తలుపుకు గొళ్లెం పెట్టించాం, పప్పు వాసన వార్నిష్ వాసనకు లొంగింది. పోయిన వారం కేసముద్రం దగ్గర ఒక బావి గట్టున ఆపి, పొద్దున విప్పిన మోటారును సాయంత్రానికి బిగించారు. నీళ్లు మడిలో పడ్డాయి. నేను ఆ మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి, బాగుందని చెయ్యి ఊపాను. పక్క చేను రైతు పరుగెత్తుకొచ్చి, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. "సారూ, మా మోటర్ గూడ జర ఇని పెట్టుండ్రి!" అన్నాడట.

ఇక మన సంగతి. పాళ్లు పంచుకున్న రోజు పెద్దమనుషులు బావి వంతు గురించి అడిగారు. నువ్వు తల వంచుకుని ఏదో మెల్లగా అన్నావు. అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను. వినబడకపోతే తలూపడం నా అలవాటు, మళ్లీ అడగాలంటే నాకు సిగ్గు. అది నీకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ తలూపుడుతో బావి మొత్తం నీదయింది, నా వంతు భూమి నీళ్లు లేని మెట్టచేను అయింది. ఆ రోజు నువ్వేమన్నావని తర్వాత నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు. అన్నే సంతోషంగా ఇస్తున్నాడన్నావని ఒకడు. ఒక్క ఏడాదికే అన్నావని ఇంకొకడు. నీ నోటి నుంచి మాత్రం నేను ఇప్పటికీ వినలేదు.

మా బండి ఈ వారం తొర్రూరు అంగడికి వస్తోంది. అక్కడి నుంచి మన ఊరు ఎంత దూరం? నేను స్క్రూడ్రైవర్ తెస్తాను. నువ్వు మంచం మీద కూర్చో, నీ దవడకు ఆనిస్తాను. ఆ రోజు అన్న మాటే మళ్లీ అను. అరవాల్సిన పని లేదు. ఆ రోజులాగే మెల్లగా అను.

చిన్నమ్మ కాళ్లకు నా దండాలు, ఆమె దీవెన మా ముగ్గురికీ కావాలని చెప్పు. పిల్లలకు ముద్దులు. మరదలిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న
రామచంద్రం