పిన్ని ఇచ్చిన రిఫరెన్స్

మార్చి 4

కో-ఆప్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాను. టెక్స్‌టైల్ డిగ్రీ. నాలుగు నెలలు క్లాసు, నాలుగు నెలలు ఎక్కడో జీతానికి పని, మళ్ళీ క్లాసు, దాన్నే కో-ఆప్ అంటారట. ఆ కోర్సులో చేరేవాళ్ళకే ఈ స్కాలర్‌షిప్. అది రాకపోతే చదువు లేదు. నాన్న ఈ మాట కోపంగా ఏం అనలేదు. భోంచేస్తూ మామూలుగానే అన్నాడు.

పని అనుభవం ఉందా అని అడిగారు. ఎందుకు లేదు? పిన్ని టైలరింగ్ షాపులో కటింగ్ అంతా నాదే. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు. ఓనర్ ఫోన్ నంబర్ అంటే పిన్నిది ఇచ్చాను. పిన్నికి మాత్రం చెప్పలేదు. చెబితే ఊరంతా టముకు వేస్తుంది.

మార్చి 15

ఇంటర్వ్యూకి పిలిచారు. అక్క చెప్పులు వేసుకెళ్ళాలి.

మార్చి 22

ముగ్గురున్నారు. కళ్ళజోడు మేడమ్ కూర్చోగానే మొదలుపెట్టింది. మీ ఓనర్‌కి ఫోన్ చేశామంది. నేను వట్టి బద్ధకస్తురాలిననీ, చెప్పిన టైముకి ఏనాడూ రాననీ, కర్టెన్లు వంకరగా కోసి కొంప ముంచాననీ ఆవిడ చెప్పిందట. దీనికేమంటావని అడిగింది.

నవ్వకూడదు. నవ్వేశాను.

అది పొగడ్త మేడమ్ అన్నాను. మా లైన్‌లో మంచి కటింగ్ మాస్టర్ ఉన్నట్టు తెలిస్తే పక్క షాపువాళ్ళు ఎత్తుకుపోతారు. ఎవరెవరి పేర్లో చెప్పి ఫోన్ చేసి ఆరా తీస్తారు. అందుకే పనిమంతుల్ని తిడతారు, వదిలించుకోవాలనుకున్నవాళ్ళని మెచ్చుకుంటారు. అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు.

అదే రోజు, సాయంత్రం

పిన్ని నెత్తి కొట్టుకుంది. స్కాలర్‌షిప్ అంటే నేనెలా నమ్మనే, పోయినేడు బ్యాంకువాళ్ళమని చెప్పి మన కాజాలు కుట్టే అతన్ని లేపుకుపోలేదా అంది. తర్వాత నన్నే తిట్టింది, ముందే చెప్పి ఏడవచ్చు కదా అని. న్యాయమే. ఈసారి నిజం చెప్పు, చాలన్నాను.

ఏప్రిల్ 2, పదకొండున్నర

ఫోన్ వచ్చింది. పిన్ని స్పీకర్ పెట్టింది. నిజమే చెప్పింది. పిల్ల బంగారమండీ, చేతిలో పనుంది, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరిని అలా మెచ్చుకుంటారో మేడమ్‌కి నేర్పిందే నేను. నా నోరు పడిపోను.

పిన్నే మళ్ళీ అందుకుంది. మీకేమండీ, మీరు తీసుకెళ్ళిపోతారు, స్కూళ్ళు తెరిచేసరికి యూనిఫారాలు ఎవరు కోస్తారు, నా మొహమా అని ఏడుపు. మధ్యలో ముక్కు కూడా చీదింది. సరేనమ్మా, అర్థమైందమ్మా అని మేడమ్ పెట్టేసింది. ఏం అర్థమైందో!

ఏప్రిల్ 17

వచ్చింది! ముందు పిన్నికే చెప్పాను. సంతోషమే అంది, మిషన్ ఆపకుండా. ఒళ్ళు మండింది. నన్ను పంపడం ఇష్టంలేకే అలా అందని ఇంటికొచ్చాక తట్టి ఏడుపొచ్చింది.

అక్టోబర్ 9

కో-ఆప్ ఆఫీసు నుంచి ఫోన్. పని టర్మ్‌కి ఒక స్టూడెంట్‌ని పంపమని పిన్ని అప్లై చేసిందట. మా క్లాసులో ఒకమ్మాయి వెళ్తానంటోందట. అక్కడ పనిచేసినదాన్ని కదా, ఆ ఓనర్ ఎలాంటి మనిషని నన్నడిగారు.

మహా కోపిష్ఠిది, టీ కూడా ఇప్పించదు, ఎవర్నీ పంపొద్దని చెప్పాను.